గోల్ఫు ఆటలో నారుమడి



గోల్ఫు అను ఆటయందు ఏటేట జరుగు ఒక పోటీ చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని. ఈ మాట చెవిని బడగానే, "ఇబ్రహీంపట్నము చెరువు క్రింద వరి వేసికొనువారికి దొరల ఆటతో ఏమి పని?" అని మీలో కొందరికి తోచవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని నేను చెప్పబోవునది జగజ్జేతలు కోట్లు గడించు పెద్ద పోటీలను గూర్చి కాదు. ఆ పెద్ద పోటీలకు తగిన పడుచువారిని సిద్ధపరచు రెండవ మెట్టు పోటీలను గూర్చి. నాటు వేయు రైతు మొదట చిన్న మడిని దున్ని, దమ్ము చేసి, ఎరువు వేసి, నారు పోయును. ఆ నారు వేరు పట్టి, నిలువెత్తు గాలిని ఓర్చుకొను బలము తెచ్చుకొన్న పిదపనే దానిని తీసి పెద్దమడిలో నాటును. నారుమడిని చూచి "ఇందులో గింజ యెక్కడ?" అని నవ్వువాడు వ్యవసాయము తెలియనివాడు. ఆటపాటలయందును అట్టి నారుమడి యొకటి ఉండవలెనని కనిపెట్టి, ముప్పదియైదేండ్లకు పైగా దానిని నడపుచున్నవారి కథ ఇది. ఆ మడినుండి మన తెలుగు కుటుంబపు బిడ్డ యొకడు లేచి పెద్దమడిని చేరినాడు గావున, ఈ కథ మనకును కొంత చెందినదే.

మొదట ఆటను గూర్చి రెండు మాటలు. పచ్చిక పెంచిన విశాలమైన మైదానమున పదునెనిమిది చిన్న గుంటలు దూరదూరముగా ఉండును. ఆటగాడు కర్రతో చిన్న బంతిని కొట్టుచు ఒక్కొక్క గుంటలో పడవేయుచు పోవలెను. నడుమ ఇసుక గుంతలు, నీటి మడుగులు, చెట్లు అడ్డముండును. ఎవడు తక్కువ దెబ్బలలో పదునెనిమిది గుంటలను ముగించునో వాడు గెలిచినట్లు. చెడుగుడులోవలె ఎదుటివానిని పట్టి పడవేయుట ఇందు లేదు. తనతో తానే పోరాడవలెను. పెద్ద పోటీలు సాధారణముగా నాలుగు దినములు జరుగును. రెండు దినముల ఆట ముగియగానే వెనుకబడినవారిని తీసివేయుదురు. రెండవ మెట్టు పోటీలలో సుమారు నూట ఏబది మంది దిగినచో, సాధారణముగా ముందున్న 65 మందియు, వారితో సమానముగా నిలిచినవారును మాత్రమే మూడవ దినమున ఆడుదురు. తక్కినవారికి ఒక్క కాసైనను రాదు. దారిఖర్చులు, బస, భోజనము, కర్రలు మోయువాని కూలి, అన్నియు ఆటగాడు తన చేతినుండియే పెట్టుకొనవలెను. జీతము లేని కొలువు ఇది. ఆడి గెలిచినదే అన్నము.

ఇట్టి వృత్తిలో ప్రవేశించుటకు అమెరికా దేశమున 1965 సంవత్సరమునుండి ఒక ప్రవేశ పరీక్ష వంటి పోటీ ఉండెడిది. సాధారణముగా ఏటికొకమారు జరుగు ఆ పోటీలో నెగ్గినవారికి ఆ దేశపు పెద్ద పోటీలలో ఆడుటకు అనుమతిపత్రము లభించెడిది. ఓడినవారి గతి యేమి? మరల ఏడాది వరకు వారికి నిలుకడైన చోటు లేదు. కొందరు చిన్నచిన్న పోటీలలో తిరిగెడివారు. కొందరు పరదేశములకు పోయెడివారు. కొందరు ఆటనే విడిచి వేరొక పని చూచుకొనెడివారు. కొలదిదినముల ఆటలో చేయి వణకిన కారణమున, పదేండ్ల సాధన వ్యర్థమైపోయెడిది. మన గ్రామములలో ఒక్క పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి "వీనికిక చదువబ్బదు" అని తీర్మానము చేయువారు లేకపోలేదు. అక్కడను అట్లే జరుగుచుండెను.

ఈ లోపమును తీర్చుటకై, అమెరికాలో పెద్ద పోటీలను నడపు పీజీఏ టూర్ అను సంస్థవారు, డీన్ బీమన్ అను వారి అధ్యక్షతయందు, 1990లో ఒక రెండవ వరుస పోటీలను నెలకొల్పిరి. దానికి బెన్ హోగన్ టూర్ అని పేరు పెట్టిరి. హోగన్ గారి పేరు మీద నడచు గోల్ఫు సామగ్రి కంపెనీ ధనసహాయము చేసినందున ఆ పేరు వచ్చినది. కాని ఆ పేరు వ్యాపారమున వచ్చినదైనను, అంతకంటె తగిన పేరు దొరకదు. ఏలయన, బెన్ హోగన్ జీవితమే ఓర్పునకు నిదర్శనము.

ఆయన 1912లో టెక్సాస్ రాష్ట్రమున జన్మించెను. చిన్నతనముననే తండ్రి పోయెను. ధనికుల కర్రల సంచులను మోయు కూలి పిల్లవాడుగా గోల్ఫు మైదానమున ప్రవేశించెను. 1930లో ఆటను వృత్తిగా చేపట్టెను. చేతిలో డబ్బులేక ఒకటి రెండుమారులు ఇల్లు చేరవలసివచ్చెను. తనంత తానుగా ఒక పెద్ద పోటీని గెలుచుటకు ఆయనకు 1940 వరకు, అనగా పదేండ్లు పట్టెను. కీర్తి వచ్చిన పిదప, 1949 ఫిబ్రవరిలో ఆయన కారును బస్సు ఢీకొనెను. ఎముకలు విరిగెను. మరల నడచుటయే కష్టమని చూచినవారు భయపడిరి. పదునారు నెలలు తిరిగెను. 1950 జూనులో ఆ మనుష్యుడే కాళ్లకు కట్లు కట్టుకొని, అమెరికా జాతీయ పోటీయైన యు. ఎస్. ఓపెన్‌ను గెలిచెను. ఇట్టివాని పేరు, ఇంకను గెలుపెరుగని పడుచువారి పోటీలకు పెట్టుటలో గొప్ప ఔచిత్యము కలదు.

మొదటి సంవత్సరమున ముప్పది పోటీలు జరిగెను. ఒక్కొక్క పోటీలో బహుమానముల మొత్తము ఇంచుమించు లక్ష డాలర్లు. పెద్ద పోటీలతో పోల్చిన అది చాల స్వల్పము. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ పట్టణమున జరిగిన ప్రథమ పోటీని మైక్ స్ప్రింగర్ గెలిచెను. సంవత్సరాంతమున లెక్కలు చూచి, అత్యధికముగా ధనము గడించిన అయిదుగురికి మాత్రము పెద్ద పోటీలలో ఆడుటకు అనుమతి ఇచ్చిరి. ఆ అయిదుగురిలో జెఫ్ మాగర్ట్ మొదటివాడు.

ఆ నారుమడి ఫలము ఎంత త్వరగా కనబడినదో చూడుడు. 1990లో యూటా రాష్ట్రమున జరిగిన పోటీని జాన్ డేలీ అను యువకుడు గెలిచెను. మరుసటి యేడు ఆగస్టులో పీజీఏ చాంపియన్‌షిప్ అను మహాపోటీ జరిగెను. డేలీకి అందు చోటులేదు. ఎవరైనను రాలేకపోయినచో పిలువవలసినవారి జాబితాలో ఆయన తొమ్మిదవవాడు. ఒకరి తరువాత ఒకరు తప్పుకొనగా, కడపట ఆయనకు పిలుపు వచ్చెను. రాత్రియంతయు కారు నడుపుకొని పోయి, అంతకుముందు ఆ మైదానమున ఆడి యెరుగకయే దిగి, నాలుగు దినములలో ఆ మహాపోటీనే గెలిచెను. టామ్ లేమన్ కథ వేరొక తీరుది. ఆయన 1980లలో పెద్ద పోటీలలో నిలువలేక వెనుకకు వచ్చినవాడు. ఒక విశ్వవిద్యాలయమున శిక్షకుడుగా చేరి స్థిరపడుదునా యని ఆలోచించినవాడు. ముప్పదిరెండేండ్ల వయస్సున, 1991లో, ఈ రెండవ వరుస పోటీలలో అందరికంటె మిన్నగా ఆడి పైకి పోయెను. 1996లో బ్రిటిష్ ఓపెన్ గెలిచెను. 1997లో ప్రపంచపు ప్రథమ స్థానమును అందుకొనెను. నారుమడి లేకున్నచో ఈ పైరు ఎక్కడ ఎండిపోయెడిదో ఎవరు చెప్పగలరు?

ఇక మన ప్రధానమైన పోటీకి వత్తము. అమెరికా వాయవ్య దిక్కున ఐడహో అను రాష్ట్రము కలదు. బంగాళాదుంపల పంటకు అది పేరెన్నికగన్నది. దాని ముఖ్యపట్టణము బాయిసీ. 1990లో మొదలైన ముప్పది పోటీలలో బాయిసీ ఓపెన్ ఒకటి. నాటినుండియు హిల్‌క్రెస్ట్ అను ఒకే మైదానమున అది ఏటేట జరుగుచున్నది. మొదటి సంవత్సరపు ముప్పది పోటీలలో అధిక భాగము అంతరించెను. ధనసహాయము చేయు కంపెనీలు విరమించుకొనిన వెంటనే కొన్ని పోయెను. ఊరివారి ఉత్సాహము చల్లారి కొన్ని పోయెను. నాటినుండి నిలిచినవిగా చెప్పబడునవి నాలుగే: బాయిసీ, విచిటా, నాక్స్‌విల్, యూటా పోటీలు. వీనిలో ఏదియు మహానగరమున పుట్టినది కాదు, ప్రపంచఖ్యాతి గల స్థలము కాదు. మధ్యతరగతి పట్టణములే ఈ దీపమును ఆరనీయక కాపాడినవి.

అది ఎట్లు సాధ్యమాయెను? ఇది పెద్దలైన మీరు విశేషముగా ఆలకింపదగిన సంగతి. ఈ రెండవ వరుస పోటీలకు వచ్చు ఆటగాండ్రు ధనికులు కారు. వారిలో ననేకులు హోటళ్లలో దిగుటకు చాలినంత డబ్బు లేక, ఆ యూరి గృహస్థుల యిండ్లలో అతిథులుగా బస చేయుదురు. ఆ గృహిణులు వారికి పడక యిచ్చి, అన్నము పెట్టి, మరుసటి దినమున మైదానమునకు వెళ్లి తమ ఇంటి పిల్లవాడు ఆడుచున్నట్లే చూచి చప్పట్లు కొట్టుదురు. బంతులు వెదకుటకు, గుంపులను నిలుపుటకు, నీళ్లందించుటకు వందలకొలది ఊరివారు కూలి లేకయే పని చేయుదురు. మిగిలిన ధనము ఆ యూరి ధర్మకార్యములకు పోవును. బాయిసీలో 1939లో ఒక కిరాణా దుకాణముగా పుట్టి, దేశమంతట వ్యాపించిన ఆల్బర్ట్‌సన్స్ కంపెనీవారు, తాము పుట్టిన ఊరి పోటీకి తమ పేరు పెట్టి పోషించుచున్నారు. ఒకప్పుడు మన యూళ్లలో వీధిభాగవతులవారు, చిరుతల రామాయణము వారు వచ్చినప్పుడు ఇంటికొక్కరిని పంచుకొని భోజనము పెట్టిన ఆచారము మీకు జ్ఞాపకమే. కళ బ్రతికినది ఆ అన్నము చేతనే. పరదేశములో ఆటయు అట్లే బ్రతుకుచున్నది.

ఈ పోటీల వరుసకు కాలక్రమమున పేర్లు మారినవి. 1993లో నైకీ టూర్ అనిరి. 2000లో బై డాట్ కామ్ టూర్ అనిరి. 2003లో నేషన్‌వైడ్ టూర్ అనియు, 2012లో వెబ్ డాట్ కామ్ టూర్ అనియు, 2019 నుండి కార్న్ ఫెర్రీ టూర్ అనియు వ్యవహరించుచున్నారు. ధనమిచ్చువాని పేరు మారినది గాని, చేయు పని మారలేదు. 2013లో మాత్రమొక ముఖ్యమైన మార్పు జరిగినది. ఆ యేటినుండి ప్రవేశ పరీక్షలో నెగ్గినవారిని నేరుగా పెద్ద పోటీలకు పంపుట మాని, మొదట ఈ రెండవ మెట్టున నిలువవలెనని నియమము చేసిరి. పిమ్మట 2023 నుండి ఆ పరీక్షలో మొదట నిలిచిన అయిదుగురికి మరల నేరుగా దారి యిచ్చిరి. తక్కిన వారందరికిని నారుమడియే దారి. మొదట అయిదుగురికే లభించిన ఉన్నతి, ఒకప్పుడు ఏటికి ఏబదిమందికి లభించెను. 2023లో ముప్పదికి దిగెను. 2025లో ఇరువదికి తగ్గెను. ఈ లెక్కను మీరు మరువవలదు. దీనిని గూర్చి చివర మరల చెప్పెదను.

బహుమానములును పెరిగెను. లక్ష డాలర్లతో మొదలైన పోటీ 2023 నాటికి పది లక్షల డాలర్లకు చేరెను. సంవత్సరాంతమున వచ్చు అంతిమ పోటీలకు పదునైదు లక్షలు. బాయిసీ ఓపెన్ ఇట్టి అంతిమ పోటీలలో ఒకటిగా ఎన్నికైనది. 2024లో అక్కడ మాట్ మెకార్టీ అను ఎడమచేతివాటపు యువకుడు గెలిచి రెండులక్షల డెబ్బదివేల డాలర్లు పొందెను. ఒకే సంవత్సరమున మూడు పోటీలు గెలిచినవానికి సంవత్సరాంతము వరకు ఆగనక్కరలేదనియు, వెంటనే పై మెట్టునకు పోవచ్చుననియు ఒక నియమము కలదు. బాయిసీ గెలుపు అతనికి మూడవది. ఆ విధముగా పైకి పోయి, ఆ అక్టోబరు నెలలోనే పెద్ద పోటీనొకదానిని గెలిచెను. అంతకుముందు 2019లో ఈ వరుసలో ప్రథముడుగా నిలిచిన స్కాటీ షెఫ్లర్, 2022లోను 2024లోను మాస్టర్స్ అను మహాపోటీని, 2024లో పారిస్ ఒలింపిక్సు స్వర్ణపతకమును గెలిచి, ప్రపంచములో మొదటివాడుగా ప్రసిద్ధి కెక్కెను.

ఇప్పుడు మన తెలుగు బిడ్డ మాట చెప్పెదను. హైదరాబాదునుండి 1987లో చదువుకై అమెరికా వెళ్లి స్థిరపడిన ఒక తెలుగు గృహస్థునకు 1997 డిసెంబరులో కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక కుమారుడు కలిగెను. పేరు సాహిత్ తీగల. ఆ తండ్రి గోల్ఫు వంశమున పుట్టినవాడు కాడు. పిల్లవాని యిష్టమును కనిపెట్టి, వానితో మైదానములు తిరిగి, ఆటను ప్రోత్సహించెను. సాహిత్‌నకు వెన్నెముక వంకర కలదు. కళాశాలలో నుండగా మణికట్టునకు శస్త్రచికిత్స జరిగి ఒక సంవత్సరము పోటీలకు దూరమాయెను. అయినను పెపర్‌డైన్ విశ్వవిద్యాలయము పక్షమున ఆడి, 2020లో అమెరికా కళాశాలల ఆటగాండ్రలో ఉత్తమునికిచ్చు హాస్కిన్స్ బహుమానము పొందెను. ఆ యేడే ఆటను వృత్తిగా చేపట్టెను.

అంత గౌరవము పొందినవానికైనను పెద్ద పోటీల తలుపులు వెంటనే తెరువబడలేదు. అతనికి స్థిరమైన అనుమతిపత్రము లేదు. 2021 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జరిగిన మూడు అంతిమ పోటీలే అతనికి దారి. ఆ మూడింటిలో మొదటిది మనము చెప్పుకొనుచున్న బాయిసీ ఓపెన్. అక్కడను, దాని తరువాత ఒహాయో రాష్ట్రమున కొలంబస్ పట్టణములో జరిగిన పోటీలోను ముందు వరుసవారితో నిలిచి, పెద్ద పోటీలలో ఆడు అర్హత సంపాదించెను. గెలుపు కాదు సుమా. స్థిరముగా నిలుచుటయే అతనిని పైకి తెచ్చినది.

పెద్దమడిలో నాటిన వెంటనే గాలివాన వచ్చినది. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ నగరమున జరిగిన పోటీలో కడపటి దినమున అందరికంటె ముందు నడచి, ఇక రెండు గుంటలు మిగిలియుండగా, అతడు కొట్టిన బంతి నేలను తాకి ప్రక్కకు దొరలి నీటిలో పడెను. గెలుపు చేజారెను. ఆ పోటీని గెలిచినవాడు మనము చెప్పుకొనిన షెఫ్లరే. అదే సంవత్సరము జూనులో కనెక్టికట్ రాష్ట్రమున మరియొక పోటీ. ఒక్కటే గుంట మిగిలియున్నది. అతడు ఒక దెబ్బ ముందున్నాడు. బంతి ఇసుక గుంతలో చిక్కెను. ఒక్క దెబ్బకు వెలుపలికి రాలేదు. రెండు దెబ్బలు నష్టమై రెండవ స్థానమున నిలిచెను. లక్షలాది జనులు చూచుచుండగా ఇట్లు రెండుమారులు చేతికందిన గెలుపు జారిపోయినచో, ఆ పడుచువాని మనస్సు ఎట్లుండునో కన్నబిడ్డలు గలవారు మీరు ఊహింపగలరు. అయినను అతడు కుంగిపోలేదు. నారుమడిలో పట్టిన వేరు గట్టిది. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపా అను చోట, తన తలిదండ్రులు చూచుచుండగా, రెండు దెబ్బల ఆధిక్యముతో తన మొదటి పెద్ద పోటీని గెలిచెను.

దీనికంటెను నేను ఎక్కువగా మెచ్చుకొను సంగతి మరియొకటి కలదు. 2024లో సంవత్సరాంతపు మహాపోటీలో, అతని బంతి ఇసుక గుంతలో నున్నది. కొట్టుటకు కర్రను వెనుకకు ఎత్తునప్పుడు అది ఇసుకను తగిలినట్లు అతనికి తోచెను. అది నియమవిరుద్ధము. చూచినవారెవరును లేరు, ఆక్షేపించినవారును లేరు. అతడే న్యాయాధికారిని పిలిచి చెప్పి, తన లెక్కకు రెండు దెబ్బలు కూడించుకొనెను. ఒక్కొక్క దెబ్బ లక్షల డాలర్ల విలువ చేయు చోట జరిగిన పని ఇది. అయినను అతడు ఆ పోటీలో మూడవ స్థానము పొందెను. తూకమున రాయి తక్కువపెట్టుట ఎవరికిని కనబడకపోయినను పాపమేయని మన పెద్దలు నేర్పిన ధర్మము సముద్రములు దాటిన ఇంటిలోను చావలేదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమునకు ఈ ఆట క్రొత్తది కాదు. బ్రిటిషు దీవుల వెలుపల పుట్టిన గోల్ఫు సంఘములలో మొట్టమొదటిది కలకత్తాలో 1829లో స్థాపింపబడినది. మన హైదరాబాదున గోల్కొండ కోట నయాఖిలా ప్రాంతమున మైదానము కలదు. అక్కడ గోల్కొండ మాస్టర్స్ అను పేర వృత్తిక్రీడాకారుల పోటీలు జరిగినవి. 2006లో ఏర్పడిన భారత వృత్తి గోల్ఫు సంస్థ ఇట్టి పోటీలను దేశమంతట నడపుచున్నది. ఈ దేశమునుండి పోయిన అర్జున్ అత్వాల్ 2008లో అమెరికా రెండవ వరుస పోటీనొకటి గెలిచి, 2010లో పెద్ద పోటీని గెలిచెను. భారతదేశమున పుట్టినవారిలో ఆ ఘనత పొందినవాడు ఆయనయే మొదటివాడు.

"ఇది ధనికుల ఆటయే కదా?" అని మీరడుగవచ్చును. చాలవరకు నిజమే. కాని ఢిల్లీ మైదానమున కర్రలు మోసి బ్రతికిన అలీషేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ పోటీని గెలిచిన మొదటి భారత వృత్తిక్రీడాకారుడాయెను. 1993లో మరల గెలిచెను. బెంగుళూరు దగ్గర బిడది ప్రాంతమున ఒక గోల్ఫు మైదానము ప్రక్క పల్లెలో కూలివాని యింట పుట్టిన చిక్కరంగప్ప, బంతులేరు పిల్లవాడుగా మొదలుపెట్టి, దేశమున పేరుమోసిన ఆటగాడాయెను. ప్రతిభ కులమును ధనమును అడిగి పుట్టదు. దానికి కావలసినది ఒక మెట్టు.

"ఈ పచ్చికకు నీరెక్కడిది?" అని మరియొక ప్రశ్న. ఇది ఇబ్రహీంపట్నమువారు అడుగవలసిన ప్రశ్నయే. ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసిన మీ చెరువు ఎన్ని యేండ్లు ఎండినదో, నిండినప్పుడు ఎంత సంబరపడితిరో మీకు తెలియును. గోల్ఫు మైదానము వంద ఎకరములకు పైబడిన భూమిని, మిక్కిలి నీటిని కోరును. పంటకాలువ నీరు పచ్చికకు పోవుట న్యాయము కాదు. పట్టణములలో వాడివదలిన నీటిని శుద్ధిచేసి పారించుట కొన్నిచోట్ల జరుగుచున్నది. అట్లే జరుగవలెను. కావున మీ గ్రామమున గోల్ఫు మైదానము వేయుడని నేను చెప్పుటలేదు. ఆ పోటీ నడచిన పద్ధతిని గ్రహింపుడని మాత్రమే నా మనవి.

మీ పల్లెలలో చెడుగుడు ఆడువారున్నారు. కుస్తీ పట్టువారున్నారు. పరుగుపందెమున గాలివలె పోవు బాలికలున్నారు. వారికి పండుగనాడు ఒక పోటీ పెట్టి, ఒక స్టీలు బిందెయో గోడగడియారమో బహుమతిగా ఇచ్చి, మరుసటి యేటికి మరచుచున్నాము. గ్రామపు పోటీకిని రాష్ట్రపు పోటీకిని నడుమ మెట్టు లేదు. ఎగిరి అందుకొన్నవాడు అందుకొనును. తక్కినవాడు నేలపై పడును. బాయిసీ పట్టణమువారు మనకు నేర్పునవి నాలుగు సంగతులు. ఒకటి, పోటీ ఏటేట తప్పక, ఒకే చోట, ఒకే కాలమున జరుగవలెను. చెరువు కట్టను ఏటేట చూచుకొన్నట్లు చూచుకొన్ననే అది నిలుచును. రెండు, గెలిచినవానికి వస్తువు ఇచ్చుట చాలదు, పై మెట్టునకు త్రోవ ఇవ్వవలెను. మండలమున మొదటనిలిచినవారిని జిల్లాకు పంపు ఖర్చు ఊరు భరింపవలెను. మూడు, పరగ్రామమునుండి వచ్చిన ఆటగానికి మన యింట పడకయు, పిడికెడన్నమును దొరకవలెను. నాలుగు, ఓడి తిరిగివచ్చినవానికి మరుసటి యేడు మరల చోటుండవలెను.

ఈ నాలుగవదే కష్టమైనది. ఇందాక మీకు చెప్పిన లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. 2025లో పైకి పోయినవారు ఇరువదిమంది. ప్రతి పోటీలో దిగువారు నూటికి మించినవారు. అనగా నారుమడిలోని నారంతయు పెద్దమడికి పోదు. మిగిలినవారు ఏమి కావలెను? ఈ ప్రశ్నను దాచి, గెలిచినవారి కథలు మాత్రమే చెప్పుట పిల్లలకు ద్రోహము. ఆటను నమ్మి చదువును విడువుమని ఏ పిల్లవానికిని చెప్పవలదు. సాహిత్ తీగల కళాశాలలో ఉన్నన్నాళ్లు అక్కడనే ఆడి, ఆ కాలము ముగిసిన పిదపనే వృత్తిలో దిగెను. టామ్ లేమన్ ఓడి వెనుకకు వచ్చిన యేండ్లలో అతనిని ఎవరో ఒకరు ఆదరించి యుండకపోయినచో, ముప్పదిరెండవ యేట మరల లేచెడివాడు కాడు. ఇంటికి తిరిగివచ్చిన పిల్లవానిని "ఏమి సాధించితివి?" అని వాకిటనే నిలదీసిన పెద్దలు, వాని కాలమును మాత్రమే కాదు, వాని తరువాత ఆడదలచిన పదిమంది పిల్లల ధైర్యమును గూడ చంపుదురు. "అన్నము తిని పడుకొమ్ము, రేపు మాటలాడుదము" అనిన ఇంటిలోనుండియే రెండవమారు పోరాడు మనుష్యుడు బయలుదేరును.

పెద్దలారా, పంట వచ్చినప్పుడు నారుమడిని ఎవరును తలంపరు. బండిమీద ధాన్యపు బస్తాలు పోవుచుండగా, "ఈ నారు ఫలానివారి మడిలో పెరిగినది" అని చెప్పువారుండరు. బాయిసీ పేరును ప్రపంచమున ఎంతమంది వినియుందురు? అయినను ఆ యూరివారు 1990 నుండి ఏటేట తమ ఇండ్ల తలుపులు తెరచి, పేరు తెలియని పడుచువారికి అన్నము పెట్టుచునే యున్నారు. వారు పెంచిన నారు ఎక్కడెక్కడనో పండుచున్నది. మీ మండలమునందును అట్టి మడి యొకటి ఈ యేడే దున్నబడునట్లు మీలో ఒక్కరు పూనుకొన్నను, ఈ ప్రసంగము వ్యర్థము కాలేదని సంతసింతును.